మిగలాల్సిన నాలుగు పాయింట్లు

“పన్నెండు చాలంటే చాలు కృష్ణగారూ. నా వాటాలోంచి తీసి మీరిద్దరూ సర్దుకోండి.”

“అప్పుడది టీమెలా అవుతుందండీ? మీరు ఓడిపోవడానికే కూర్చుంటానంటున్నారు.”

“ఓడిపోవడం నాకు కొత్తా? ముప్ఫై ఏళ్ళు జనంలో నిలబడ్డదాన్ని. మీరిద్దరూ ముందు వరుసలో ఉండండి. వెనక ఎవరో ఒకరు నిలబడాలి కదా. నేను నిలబడతాను.”

“ఇది షూటింగ్ కాదు లీలగారూ.”

“తెలుసు బాబూ. షూటింగైతే భోజనమన్నా పెడతారు.”

కెఫే మెట్ల మధ్యలో జగదీశ్ ఆగిపోయాడు. పైన గొడవపడుతున్న ఇద్దరూ అతని టీమువాళ్ళే. శ్రీకృష్ణ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, టీముకి కెప్టెన్. లీలాకుమారి సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు, యాభై నాలుగేళ్ళ మనిషి. ఆ మధ్యాహ్నం మూడింటికి ముగ్గురూ కలిసి ఆడాల్సిన పోటీ ఉంది. ఎవరి చేతిలో ఏ కార్డులుంటాయో పన్నెండు గంటలకల్లా రాసి ఇచ్చెయ్యాలి. ఇప్పుడు పదిన్నర.

పైకి వెళ్ళబోతుంటే జేబులో ఫోన్ మోగింది. ఫిల్మ్ నగర్‌లో ఒక గ్రాఫిక్స్ ఆఫీసులో జగదీశ్ పని కంప్యూటర్లకి కాపలా కాయడం. సినిమాకి కావలసిన మంటల్నీ మేఘాల్నీ అవి గంటల తరబడి తయారుచేస్తుంటే, మధ్యలో ఏది ఆగిపోయినా మళ్ళీ నడిపించాలి. మూడో మిషన్ ఆగిందట, ఎలా లేపాలని అడుగుతున్నారు. అతను మెట్లు దిగి వాకిట్లోకి వచ్చాడు. పైనుంచి లీలాకుమారి గొంతు వినబడుతూనే ఉంది. “ఆ చివరి పేజీ మళ్ళీ ఒకసారి చదవండి” అంటోంది. జగదీశ్ పట్టించుకోలేదు. ఏ మాటనైనా చివరిదాకా వినడం అతనికి చిన్నప్పటినుంచీ చేతకాదు. ఇంజనీరింగు కూడా మూడో ఏడులో వదిలేశాడు. ఎందుకు వదిలేసినవ్ బిడ్డా అని రహమత్ నగర్‌లో వాళ్ళమ్మ శకుంతలమ్మ ఇప్పటికీ అడుగుతుంది. విసుగొచ్చింది. అంతకుమించి జవాబు అతని దగ్గర లేదు.

ఆట పేరు ఏడు రాళ్ళ కోట. బెంగళూరులో నలుగురు స్నేహితులు సొంతంగా అచ్చువేసుకున్న కార్డులు. 2007 వచ్చేసరికి జూబ్లీహిల్స్‌లో ఈ పాత బంగళా మేడమీది కెఫేకి ఆదివారం వచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్ళందరికీ ఇదే పిచ్చి. ఒక్కొక్కరి ముందూ ఏడు రాళ్ళుంటాయి. ఎదుటివాళ్ళ రాళ్ళన్నీ పడగొడితే గెలుపు. నలభై నిమిషాల్లో ఎవరి కోటా పూర్తిగా పడకపోతే ఇద్దరూ సమానం, చెరి సగం. ఒక్కొక్కరికి ఇరవై కార్డుల డెక్. కావలివాడి కార్డుకి వెల లేదు. గోడకి ఒక పాయింటు, ఏనుగుకి నాలుగు, మహారాణికి తొమ్మిది, అలా కార్డు మూలన వెల వేసి ఉంటుంది. టీములో ముగ్గురి డెక్కులూ కలిపి తొంభై పాయింట్లు దాటకూడదు. ఆ తొంభైని ఎవరికెంత పంచుకుంటారో మీ ఇష్టం.

మూడు నెలలుగా వీళ్ళు తలా ముప్ఫై వేసుకుని ఆడారు. గెలిచినన్ని సార్లు ఓడారు. అందుకే చివరి ఆదివారం దాకా తేలలేదు. ఇవాళ గెలిచిన టీము ఆర్నెల్ల లీగులోకి వెళుతుంది, ఫిబ్రవరి దాకా ప్రతి ఆదివారం ఆట. ఓడిన టీముకి ఇక్కడితో సరి. శ్రీకృష్ణకి ఆదివారాలకి కొదవ లేదు, పెళ్ళిచూపులే రెండు వరసలో ఉన్నాయి. జగదీశ్‌కి ఇంకో పిచ్చి దొరుకుతుంది. లీలాకుమారికి మాత్రం వారానికి ఉన్నది ఆ ఒక్క మధ్యాహ్నమే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఆవిడది రేపల్లె వైపు. ఇరవై నాలుగో ఏట మద్రాసు వెళ్ళింది, పరిశ్రమ హైదరాబాదు వచ్చేస్తే దాని వెనకే వచ్చింది. పెళ్ళి చేసుకున్న లైట్‌మన్ మద్రాసులోనే ఉండిపోయాడు. ఫిల్మ్ నగర్ వెనక బస్తీలో ఆవిడకో గది. పెట్టెలో మూడు పట్టుచీరలు, మూడూ సినిమా పెళ్ళిళ్ళకే. ఒక తెల్లచీర చావులకి. వందల పెళ్ళిళ్ళలో కూర్చుంది, ఒక్క పెళ్ళికూతురి పేరూ తెలియదు. పంక్తి భోజనాల సీనులో అన్నం కలుపుతూనే ఉండాలి, నోట్లో పెట్టుకోకూడదు, ఇంకో టేక్ ఉండొచ్చు. జనంలో కూర్చున్నప్పుడు పక్కవాళ్ళతో కబుర్లాడుతున్నట్టు పెదవులు కదపాలి, గొంతు బయటికి రాకూడదు. అలా గంటలకొద్దీ ఒక మనిషితో మాట్లాడాక ప్యాకప్ అంటారు, ఎవరి బస్సు వాళ్ళెక్కుతారు. ముప్ఫై ఏళ్ళ ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. గదిలో ఒక్కతే ఉన్నప్పుడు కూడా పెదవులు కదులుతూనే ఉంటాయి. కార్డులాడేటప్పుడూ అంతే. మొదట్లో జగదీశ్ జపం చేస్తోందేమో అనుకున్నాడు.

ఈమధ్య పిలుపులు తగ్గాయి. సినిమాల్లో హీరోలందరూ అద్దాల ఆఫీసుల్లో పనిచేస్తున్నారు. అక్కడ వెనక కూర్చోవడానికి మెళ్ళో ఐడీ కార్డు నప్పే పిల్లలు కావాలి. జనాన్ని సప్లై చేసే ఓదెలుకి ఫోన్ చేస్తే, “గుడి సీను గిట్ల ఉంటె నీకే ఫస్ట్ చెప్తనక్కా, ఫికర్ చెయ్యకు” అంటాడు. గుడి సీన్లు రావడం లేదు.

ఈ కెఫేకి ఆవిడ వచ్చింది కూడా షూటింగ్‌కే, మే నెలలో. హీరో హీరోయిన్లు కాఫీ తాగే సీను. వెనక బల్లలు నిండుగా కనబడాలి. అప్పటికే అక్కడ కార్డులాడుతున్న శ్రీకృష్ణనీ జగదీశ్‌నీ కదలొద్దన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్. వాళ్ళ మూడోవాడు పుణె వెళ్ళిపోయాడు, కుర్చీ ఖాళీగా ఉంది. అందులో లీలాకుమారిని కూర్చోబెట్టి చేతిలో ఏడు కార్డులు పెట్టాడు. హీరోయిన్ కాఫీ ఒలకబోసే షాటు పొద్దున పదినుంచి సాయంత్రం ఐదుదాకా పట్టింది. ఊరికే కార్డులు పట్టుకోవడం విసుగొచ్చి జగదీశ్ ఆవిడకి ఆట చెప్పాడు. పదకొండో టేకుకి ఆవిడకి ఆట వచ్చింది. ఇరవయ్యో టేకుకి శ్రీకృష్ణ కోట నాలుగు రాళ్ళమీద నిలబడింది. ప్యాకప్ చెప్పాక కూడా ముగ్గురూ లేవలేదు. “మేడమ్, వచ్చే ఆదివారం ఖాళీయేనా?” అని శ్రీకృష్ణ అడిగితే, ఆవిడ ఎవరిని అడుగుతున్నాడా అని వెనక్కి తిరిగి చూసింది.

జగదీశ్ ఫోన్ మాట్లాడి వచ్చేసరికి ఆవిడ మెట్లు దిగుతోంది.

“తిన్నావా?” అంది.

“తింట తియ్. పన్నెండు పాయింట్లతోని ఏమాడ్తవ్ లీలక్కా?”

“నలభై నిమిషాలు కూర్చుంటాను. అంతే.” కొంగు సర్దుకుంది. “రెండున్నరకల్లా వచ్చేస్తాను. నువ్వేదన్నా తినిరా, ఆ మొహం చూడు.”

పైన శ్రీకృష్ణ లాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటున్నాడు. ఆదివారమైనా అతనికి ఆఫీసు కాల్ ఉంది. ఒక కాగితం జగదీశ్ చేతిలో పెట్టాడు. శ్రీకృష్ణకి ముప్ఫై ఎనిమిది, జగదీశ్‌కి ముప్ఫై ఆరు, లీలాకుమారికి పన్నెండు.

“ఫారంలో ఎక్కించి, డెక్కులు పెట్టెల్లో పెట్టి పద్మప్రియకి ఇచ్చెయ్. రాసింది రాసినట్టే. ఒక్కటీ మార్చకు.”

“ఎనభై ఆరే అయ్యింది గదన్నా. ఇంక నాలుగున్నయ్.”

“ఉండాలి. ఆవిడ కన్విన్స్ చేశారు. వచ్చాక చెప్తా, కాల్ స్టార్టయిపోయింది.”

అతను చెవిలో ఫోనుతో వెళ్ళిపోయాడు.

జగదీశ్ ఒక్కడే బల్ల దగ్గర కూర్చుని ముగ్గురి కార్డులూ పరిచాడు. మహారాణులూ సేనానులూ ఇద్దరి డెక్కుల్లోకీ చేరిపోయారు. లీలాకుమారి డెక్‌లో పన్నెండు గోడలు, ఎనిమిదిమంది కావలివాళ్ళు. అంటే ఒక్క రాయి కూడా పడగొట్టలేని డెక్. కిటికీలోంచి చూస్తే ఫిల్మ్ నగర్ వైపు దిగే రోడ్డు మీద ఒక స్టూడియో వ్యాను పోతోంది, వెనక కిటికీల నిండా మొహాలు. అతనికి కోపం వచ్చింది. ఎవరిమీదో స్పష్టంగా తెలియదు. ఎదురుగా తొంభై పాయింట్లుంటే ఆ మనిషి ఎవరూ అడక్కుండానే పోయి వెనక వరుసలో నిలబడింది. ఈ కెప్టెన్ పెద్దమనిషి సరేనన్నాడు. నాలుగు పాయింట్లు మిగిల్చి ఏం చేసుకుంటారు, ఊరగాయ పెట్టుకుంటారా?

లీలాకుమారి డెక్‌లోంచి ఒక కావలివాణ్ణి తీసేశాడు. దాని స్థానంలో ఏనుగుని పెట్టాడు. ఫారంలో పన్నెండుకి బదులు పదహారు రాశాడు, కింద మొత్తం తొంభై. పెట్టెలు మూసి, పోటీ నడిపించే పద్మప్రియకి ఇచ్చేశాడు. ఆమె ఫారం చూసి, “నిండుగా వాడేసిండ్రు” అంది. జగదీశ్‌కి ఆ మాట నచ్చింది. కిందికెళ్ళి సమోసా తిన్నాడు.

మూడింటికి మూడు బల్లలమీద ఆట మొదలైంది. ఎదుటి టీము గీతికది, ముగ్గురూ ఒకే కంపెనీ. లీలాకుమారికి ఎదురుగా గీతికే కూర్చుంది. లీలాకుమారి పట్టుచీర కట్టుకొచ్చింది. నీలం రంగుది, మూడింటిలో కాస్త మంచిది.

జగదీశ్ తన ఆట ఆడుతూనే పక్క బల్ల చూస్తున్నాడు. ఆవిడ గోడ మీద గోడ పేరుస్తోంది. గీతిక ఒకటి పడగొడితే ఇంకోటి. పెదవులు కదులుతున్నాయి. పదో నిమిషంలో కొత్త కార్డు తీసింది. పెదవులు ఆగిపోయాయి.

ఆవిడ తలెత్తి జగదీశ్‌ని చూసింది. అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆ కార్డుని చాలాసేపు చూసి, చేతిలో అన్నిటికన్నా చివర పెట్టుకుంది. మళ్ళీ గోడలు పేర్చింది. వాడితే ఏంపోతుంది ఈమెకి అనుకున్నాడు జగదీశ్.

ఇరవై రెండో నిమిషంలో అతను గెలిచాడు. ముప్ఫయ్యో నిమిషంలో శ్రీకృష్ణ ఓడిపోయాడు. మిగిలింది ఒకే బల్ల, పది నిమిషాలు. ఆవిడ కోట ఇంకా అయిదు రాళ్ళమీద నిలబడి ఉంది. ఇంకో పది నిమిషాలు అలాగే కూర్చుంటే సమానం. శ్రీకృష్ణ వచ్చి జగదీశ్ పక్కన నిలబడి, “చాలు, చాలు, అయిపోయింది, మనం వెళ్తున్నాం” అని గొణిగాడు. ఓడినవాడు ఎందుకంత సంతోషంగా ఉన్నాడో జగదీశ్‌కి అర్థం కాలేదు.

అప్పుడు లీలాకుమారి తన గోడలు తానే తీసెయ్యడం మొదలుపెట్టింది. ఏనుగు బయటికి వెళ్ళాలంటే అడ్డున్న మన గోడలు మనమే తియ్యాలి, అది ఆట నియమం. ఒకటి, రెండు, మూడు. చేతిలో చివరి కార్డు తీసి ముందు పెట్టింది.

“ఆ ఏనుగెక్కడిది?” అన్నాడు శ్రీకృష్ణ.

జగదీశ్ కళ్ళు బల్లమీదే ఉన్నాయి. ఏనుగు వెళ్ళి గీతిక రాళ్ళు రెండు పడగొట్టింది. గీతిక కుర్చీలో ముందుకి జరిగింది. అంతసేపూ ఆమెకి ఎదురుగా ఉన్నది ఒక గోడ. ఇప్పుడొక మనిషి కూర్చుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఆడారు. ఇంకో రెండు రాళ్ళు, మళ్ళీ ఇంకో రెండు. గోడల్లేని లీలాకుమారి కోటలో మూడు పోయాయి. కొట్టు లీలక్కా, కొట్టు అని జగదీశ్ లోపల లోపలే అరిచాడు. తను పెట్టిన ఏనుగు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆవిడ ముందు వరుసకి వచ్చింది. గీతికకి ఒకే ఒక్క రాయి మిగిలి ఉండగా పద్మప్రియ గంట కొట్టింది.

సమానం. టీముకి ఒకటిన్నర, ఒకటిన్నర.

“సమానమైతే చివరి పేజీలో రూలుంది” అని పద్మప్రియ కాగితం తీసి చదివింది. “రెండు టీములూ సమానంగ నిలిచినప్పుడు, తక్కువ పాయింట్లు ఖర్చుపెట్టిన టీము గెలిచినట్టు.” రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టింది. “గీతిక టీము ఎనభై ఎనిమిది. మీది తొంభై.”

గీతిక లేచి, “వెల్ ప్లేయ్‌డ్ ఆంటీ, లాస్ట్‌లో చంపేశారు నన్ను” అంది. తన టీముతో మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ నవ్వులు కింద వాకిట్లోంచి కాసేపు వినబడ్డాయి.

శ్రీకృష్ణ ఫారం చేతిలోకి తీసుకున్నాడు. చేతిరాత ఎవరిదో తెలుస్తూనే ఉంది.

“నేనే పెట్టిన” అన్నాడు జగదీశ్.

“ఒక్కటీ మార్చొద్దని చెప్పానా లేదా?”

“చెప్పినవ్.”

“ఆవిడ పొద్దున గంటసేపు అదే చెప్పారు నాకు. అందరూ తొంభైకి తొంభై వాడేస్తారండీ, మనం నాలుగు మిగుల్చుదాం, నేను ఎలాగూ పడను, మీ ఇద్దరిలో ఒక్కరు గెలిస్తే చాలు అని. ముందు నాకూ ఎక్కలేదు, గొడవపడ్డాను. మూడో పేజీ రెండుసార్లు చదివించుకున్నారు నాచేత. నువ్వు మెట్లమీదే ఉన్నావు కదా, వినలేదా?”

“సగం విన్న.”

“సగం విని?”

“పాపమనిపించింది.”

లీలాకుమారి కార్డులు సర్దుతోంది. ఆ మాటకి చెయ్యి ఆగింది. ఇరవై కార్డులూ ఒద్దికగా ఒక దొంతి చేసి, పైన ఏనుగుని పెట్టి, జగదీశ్ వైపు జరిపింది.

“ఎవరిమీద?” అంది.

శ్రీకృష్ణ ఫారం బల్లమీద పెట్టేశాడు.

“పోనీలెండి, గేమే కదా” అన్నాడు. అతని ఫోన్ మోగుతోంది. “మళ్ళీ ఎప్పుడైనా కలుద్దాం లీలగారూ. టచ్‌లో ఉండండి.” ఆవిడ నంబరు తన దగ్గర లేదన్న సంగతి అతనికి గుర్తు రాలేదు. మూడు నెలలుగా ఆదివారం వస్తే ఆవిడ ఇక్కడ ఉండేది, నంబరుతో పని పడలేదు. కిందినుంచి అతని కారు వెళ్ళిన చప్పుడు వినబడింది.

కెఫే వాళ్ళు బల్లలు కలిపి మామూలుగా సర్దుతున్నారు. వీళ్ళ బల్ల ఒక్కటే మిగిలింది. అటూ ఇటూ ఒక్కో కుర్చీ. జగదీశ్ నిలబడే ఉన్నాడు. వెళ్ళిపోవాలని కాళ్ళు పీకుతున్నాయి. ఇలాంటప్పుడు వెళ్ళిపోవడం ఒక్కటే అతనికి బాగా వచ్చిన పని.

“సమానంగ ఉంచుడు నీ చేతిల ఉండె” అన్నాడు. “గెల్వనీకె ఎందుకు పోయినవ్ మరి?”

“తొంభై అయిపోయిందిగా. ఆ కార్డు చేతిలోకి రాగానే తెలిసిపోయింది. ఇంక కూర్చుంటే లాభం లేదు, గెలవాలి.” నీలం పట్టుచీర కొంగుతో మొహం తుడుచుకుంది. “నాకది రాదు జగదీశూ. కూర్చోవడమే వచ్చు.”

“నాకెరుక లేకుండె లీలక్కా.”

“ఎరుక లేకపోవడం కాదు. ఉండబట్టలేకపోవడం.”

కోపంగా అనలేదు. చీర రంగు చెప్పినట్టు చెప్పింది. తర్వాత సంచిలో చెయ్యి పెట్టి నాలుగు మడతలు పెట్టిన కాగితాలు తీసింది. ఆట నియమాలు, మూడు పేజీలు, మడతల దగ్గర చిరుగుతున్నాయి. జూనియర్ ఆర్టిస్టు ఏ కాగితమైనా చివరిదాకా వినే తీరాలి. ఏడింటికి రమ్మని పిలిచి, అవసరం లేదని పదింటికి తిప్పి పంపెయ్యొచ్చన్న మాట ఎప్పుడూ చివరే ఉంటుంది. ఇంగ్లీషు రాదు కాబట్టి ఎవరో ఒకరు చదివి చెప్పాలి.

ఆవిడ కాగితాలు బల్లమీద పరిచి అరచేత్తో చదును చేసింది.

“నీకు ఇంగ్లీషు వచ్చుగా?”

“వస్తది.”

“అయితే కూర్చో. మొదటి పేజీనుంచి చదివి తెలుగులో చెప్పు. మధ్యలో వదలకు.”

“ఇప్పుడెందుకు? అయిపోయింది గద.”

“ఆదివారం ఇంకా అయిపోలేదు. నాలుగే అయింది.”

జగదీశ్ గీతిక కూర్చున్న కుర్చీ లాక్కుని ఆవిడకి ఎదురుగా కూర్చున్నాడు. మొదటి పేజీ దగ్గరికి తీసుకుని తల వంచి చదవడం మొదలుపెట్టాడు. రెండు లైన్లు అయ్యాయి, మూడు అయ్యాయి. అతని పెదవులు కదులుతున్నాయి.

లీలాకుమారి ఆ పెదవులనే చూసి, కాగితం అంచు వేలితో తట్టింది.

“లోపల కాదు జగదీశూ. పైకి చదువు. నాకు వినబడేలా చదువు.”